వెనక గది చల్లదనం

లాండ్రీ నుంచి,
మంగళవారం

తమ్ముడూ,

బాగున్నావా అని అడిగే ఓపిక కూడా లేదు. బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను.

నీళ్ళ బిల్లు వచ్చింది. పోయినసారి కన్నా మూడింతలు. పక్కింటివాళ్ళ కాగితం పొరపాటున మన తలుపు కింద తోశారేమో అనుకున్నాను. పేరు చూస్తే నాదే. మీ బావకిస్తే ఆయన కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఈలోగా అంకె తగ్గుతుందని ఆశ కాబోలు.

ఆసుపత్రి దుప్పట్లూ, లాడ్జి దుప్పట్లూ ఉతికి బతికేవాళ్ళం. సబ్బు తగ్గించుకోగలను, మనుషుల్ని తగ్గించుకోగలను. నీళ్ళు లేకుండా ఎలా ఉతకను? ఇలాంటి బిల్లులు ఇంకో రెండొస్తే షాపు మూసుకోవడమే.

నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కొత్త రేటు చూపించింది, దాని మీద పైపుల నిర్వహణ చార్జీ అని ఇంకో వరస చూపించింది. పైపులు పాతబడిపోయాయట. "మేం వదిలే నీళ్ళలో దాదాపు సగం ఎవరికీ చేరవండీ, దారిలోనే పోతాయి" అంది, ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా. సగం. మా దాకా రాని నీళ్ళకి కూడా మేమే కడుతున్నామా అంటే, తలూపి, వెనకున్న ఆయన్ని పిలిచింది.

వీధంతా కదిలింది. క్షవరం షాపాయన అర్జీ రాశాడు. పై సంతకం నాది, ఎందుకంటే అందరికంటే పెద్ద బిల్లు నాదే. ఈ లెక్కన పెద్దరికం ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. అర్జీలో మొదటి ప్రశ్న నేనే రాయించాను: ఆ సగం నీళ్ళు ఎవరు తాగుతున్నారు?

నువ్వు చెప్పు. నీ ఉద్యోగమే అది కదా, నేల మీద ఇనప కడ్డీ ఆనించి, దానికి చెవి పెట్టి, కింద పైపు కారుతోందో లేదో చెప్పడం. లీకుంటే గోడ మీద ఎర్ర సున్నా, లేకపోతే పచ్చ టిక్కు. మన వార్డు గోడలన్నీ నీ పచ్చ టిక్కులే. మన గుమ్మం పక్కన కూడా ఉంది. మరి నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

అత్తయ్య బాగుంది. వారం రోజులుండి పోతానని వచ్చి మూడో వేసవి గడుపుతోంది. ఊరంతా ఉడికిపోతుంటే మన వెనక గది ఎప్పట్లాగే చల్లగా ఉంది. ఆ గదిలో పడుకుంటే ఎవరో పక్కన కూర్చుని జోకొడుతున్నట్టు ఉంటుందిట ఆవిడకి. అందుకే కదలదు.

వెంటనే రాయి. చెవులు పాడైపోతాయని ఫోను ఆనించుకోని మారాజువి కాబట్టి ఉత్తరం కోసమే చూస్తుంటాను.

అక్క


క్వార్టర్స్ నుంచి,
సోమవారం

అక్కా,

అర్జీకి నువ్వు పెద్దవనగానే మా ఆఫీసు వాళ్ళ మీద జాలేసింది.

కోపగించుకోకుండా విను. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. మన ఊరి పెద్ద గొట్టాలు తాతయ్య పుట్టకముందు వేసినవి. ఇన్నేళ్ళూ రేటు పెంచుతామంటే ఎవరికీ ఓట్లు రావు కాబట్టి ఎవరూ పెంచలేదు. పెంచకపోతే మార్చడానికి డబ్బుండదు. పగిలిన చోటల్లా పట్టీ వేసి మట్టి కప్పుకుంటూ వచ్చాం. చవగ్గా తాగినన్నాళ్ళూ మన తాతలూ తండ్రులూ కట్టాల్సింది కూడా ఇప్పుడు నీ బిల్లులోకి వచ్చింది. అన్యాయమే. కానీ కట్టొద్దంటే ఇంకో పదేళ్ళు మళ్ళీ పట్టీలే.

ఆ సగం మన వార్డులో మాత్రం పోవడం లేదు. నా పచ్చ గుర్తు మీద అంత నమ్మకం నాకు. నీ గుమ్మం దగ్గరైతే రెండుసార్లు విన్నాను, అక్క ఇల్లు కదా అని.

ఈ ఊళ్ళో నా పని వేరే. లీకులు కనిపెట్టే కొత్త యంత్రం ఒకటి తెప్పించారు. పైపు మీద రెండు చోట్ల డబ్బాలు తగిలిస్తే మధ్యలో లీకెక్కడుందో తెర మీద చూపిస్తుంది. దాన్ని నమ్మొచ్చో లేదో తేల్చడానికి నన్ను అరువు తెచ్చుకున్నారు. యంత్రం ఒకవైపు, నా చెవి ఒకవైపు. ఇద్దరం ఒకటే చెబితే ఆ వీధి దాటుతాం. లేదంటే నేను చెప్పిందే చెల్లుతోంది ఇప్పటికి. దీన్ని నడిపే ఇంజనీరు మేడం తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది.

కుర్రాళ్ళు నేర్పమంటే నా పద్ధతే చెప్పాను. ముందు నిశ్శబ్దం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, దాన్ని మించి ఏం వినిపించినా లీకే అని. నేనైతే మన వెనక గదిని తలుచుకుంటాను. చిన్నప్పుడు ఆ నేల మీద చెవి ఆనించి పడుకుంటే ఉండే ప్రశాంతత, అదే నా కొలత.

ఈ క్వార్టర్స్ గదిలో మాత్రం నిద్ర పట్టడం లేదు. ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఏమిటో తెలియదు. కొత్త చోటు కదా అంటాడు కాంటీన్ ఆయన.

బావని అడిగానని చెప్పు. అత్తయ్య కదలకపోవడమే నాకూ ఇష్టం, ఆవిడకి వినపడేలా అరిచి అరిచి నువ్వు బావ మీద అరవడం తగ్గిస్తావు.

తమ్ముడు


లాండ్రీ నుంచి,
బుధవారం

తమ్ముడూ,

ఉత్తరం వీధిలో చదివి వినిపించాను. ఆఫీసు వాళ్ళు నిన్ను కొనేశారని క్షవరం షాపాయన తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు, కానీ నువ్వు రాసింది నాకూ మింగుడుపడలేదు. తాతలు కట్టనిది నేను కట్టాలా? తాత మిగిల్చిన ఆస్తి ఏదైనా ఉంటే చెప్పు, అందులోంచి కడతాను.

అందరం కలిసి ఆఫీసుకి వెళ్ళాం. పెద్దాయన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఎవరూ తాగలేదు, దానికీ బిల్లేస్తారని. ఆయన గోడ మీద పటం చూపించాడు. మన వీధి కింద నుంచి, ఇళ్ళ కింద నుంచే ఒక పెద్ద గొట్టం పోతుందట, ఊరికి రాత్రీ పగలూ నీళ్ళు మోసేది. ఇళ్ళు తర్వాత లేచాయి. దాన్ని తవ్వి చూడాలంటే వార్డు వార్డే లేపాలి అన్నాడు. లీకుల సంగతి అడిగితే, "మీ వార్డు మొత్తం క్లియర్ అని రిపోర్టుంది, మీ తమ్ముడిదే" అన్నాడు. ఎంత గర్వపడాలో, ఎంత ఏడవాలో తెలియక లేచి వచ్చేశాను.

అర్జీ సంగతి అర్జీదే, బతుకు సంగతి బతుకుదే. మూసేసిన హోటలు ఒకటి ఉతికే యంత్రం అమ్మేస్తోంది. సగం నీళ్ళతో రెట్టింపు బట్టలు ఉతుకుతుంది. షాపుని నిలబెట్టేది ఇక అదొక్కటే, మాటిచ్చేశాం. ముందు గదిలో పట్టదు. కాబట్టి వెనక గదిలో పెట్టిస్తున్నాను. ఇనప దిమ్మలాంటిది, లారీలో నుంచి దించడానికే ఆరుగురు మనుషులు కావాలట. సోమవారం పొద్దున్నే వస్తోంది. మంచం గోడ పక్కకి జరిపితే నాకేం ఇబ్బంది లేదంది అత్తయ్య. యంత్రం పక్కనే ఆవిడ మంచం.

గది మధ్య ఒక బండ కొద్దిగా ఊగుతోంది. మీ బావ కింద చెక్కముక్క తోశారు. తోసింది తోసినట్టే లోపలికి పోయిందిట. ఇంకోటి పెట్టారు.

ఒకసారి వచ్చి యంత్రాన్ని చూసి పో. నీ యంత్రం తెర మీద బొమ్మలు చూపిస్తుందేమో, నాది అన్నం పెడుతుంది.

అక్క


బస్టాండు నుంచి,
ఆదివారం

అక్కా,

ఇది అందగానే, చదవడం పూర్తి కాకముందే, వెనక గదిలోంచి అందరూ బయటికి రండి. అత్తయ్యని మంచంతో సహా తెచ్చెయ్యండి. యంత్రాన్ని ఆ గది గడప దాటనివ్వకు.

మీ ఇంట్లో ఫోను లేదాయె, మన వీధి మందుల షాపుకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, తీసేవాళ్ళు లేరు. ఆదివారం కదా, మూసేసి ఉంటాడు. రాత్రంతా నడిచే ఈ బస్సు డ్రైవరుకి వీధి గుర్తులు చెప్పాను. పొద్దున్నకల్లా నీ చేతికిస్తానని మాటిచ్చాడు.

ఎందుకో కూడా చెబుతాను, లేకపోతే నువ్వు వినవు. ఇవాళ యంత్రం ఒకచోట లీకుందంది. నేను కడ్డీ పెట్టి విన్నాను. ఏమీ లేదన్నాను. ఇంతకుముందు కూడా రెండు చోట్ల ఇలాగే తేడా వచ్చి, నా మాట మీద వదిలేశారు. ఈసారి మేడం తవ్వించింది. మోకాలి లోతు దిగకముందే నీళ్ళు పైకి చిమ్మాయి. నా మొహం మీద ఎవరో కొట్టినట్టయింది. అంత పెద్ద లీకు నాకెలా వినిపించలేదు?

మేడం నన్ను కోప్పడలేదు. ఒక్కటే అడిగింది: "లీకు లేనప్పుడు మీకేం వినిపిస్తుంది?" ఎప్పుడూ ఉండే సన్నటి మూలుగే కదండీ అన్నాను, నిశ్శబ్దంలో ఉండేది. ఆవిడ నా వంక అలాగే చూసింది. "నిశ్శబ్దంలో ఏదీ మూలగదు" అంది.

అక్కా, మన వెనక గది. నేను పుట్టి పెరిగి నిద్రపోయిన గది. అక్కడ వినిపించేది నిశ్శబ్దం కాదు. ఆ చల్లదనం రాయిది కాదు. కింద గొట్టం కారుతోంది, నేను పుట్టకముందు నుంచి కారుతోంది. అన్నేళ్ళు నీళ్ళు పారితే మట్టి ఉండదు. బావ తోసిన చెక్కముక్క ఎక్కడికి పోయిందనుకున్నావు?

నేనే ఈ బస్సెక్కేవాణ్ణి. కానీ నేను ఏమీ లేదని వదిలేయించిన రెండు చోట్లా రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయి. నేను దగ్గరుండి చూపించి ఆపించాలి. బస్సు కదిలేలోగా రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేవు. అయినా చదువుకో.

బయటికి రండి.

తమ్ముడు


క్షవరం షాపు నుంచి,
గురువారం

తమ్ముడూ,

అందరం ఉన్నాం. అది ముందు రాస్తున్నాను. మిగతాది ఇవాల్టికి గానీ రాయగలిగే స్థితికి రాలేదు.

సోమవారం లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. యంత్రాన్ని దించి, తాళ్ళు కట్టి, కింద గుండ్రటి దుంగలు పెట్టి ముందు గదిలోకి దొర్లించారు. వెనక గది గడప దాకా వచ్చింది. అప్పుడు వీధి చివర బస్సు ఆపుకుని, జనం హారన్లు కొడుతుంటే, డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పరుగు చూసి నీకేదో అయిందనుకున్నాను.

చదివాను. నిజం చెప్పనా, నమ్మలేదు. ఉద్యోగం ఒత్తిడితో వీడికి మతి చెదిరిందనుకున్నాను. పనివాళ్ళు తాళ్ళు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు, త్వరగా తేల్చండమ్మా అంటున్నారు. లోపలికి తోసెయ్యండి అని నోటి దాకా వచ్చింది. మీ బావ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, చదివి, "వాడు ఫోన్ చేశాడట" అన్నారు. అంతే. ఫోను ముట్టనివాడు ఫోన్ చేశాడంటే ఆయనకి అదే చాలింది.

అత్తయ్య లేవనంది. వాడి చెవులు బాగోకపోతే నేనెందుకు లేవాలి అంది. యంత్రాన్ని కాస్త వెనక్కి దొర్లించి, మీ బావా, ఒక పనివాడూ కలిసి మంచంతో సహా ఎత్తి తెచ్చారు. తిట్లు వీధంతా విన్నారు.

తర్వాత ఆయన గడప మీద నిలబడి, ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, గునపంతో ఆ ఊగే బండ మీద ఒక్క దెబ్బ వేశారు. బండ పోయింది. పడిన చప్పుడు వినిపించలేదు. తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నేలంతా, తమ్ముడూ, తడిసిన కాగితం మీద చెయ్యి పెడితే పోయినట్టు, మెల్లగా లోపలికి పోయింది. అత్తయ్య ట్రంకుపెట్టె పోయింది. నా స్టూలు పోయింది. మంచం ఉన్న చోటు అందరికంటే ముందు పోయింది.

వంగి చూస్తే ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడేంత లోతు. అడుగున నల్లటి గొట్టం, మేకపిల్ల దూరేంత లావు. దాని అతుకులోంచి నీళ్ళు ఎగజిమ్ముతూ పక్కనే ఉన్న ఏదో పాత కాలువలోకి పోతున్నాయి. ఎంత శుభ్రమైన నీళ్ళో. నేను ఉతికే దుప్పట్లన్నీ ఆ ఒక్క పూట నీళ్ళతో ఉతకొచ్చు.

క్షవరం షాపాయన వచ్చి నా పక్కన నిలబడి చూశాడు. "సగం ఎవరు తాగుతున్నారని అడిగావు కదమ్మా" అన్నాడు. ఎగతాళికి కాదు. వార్డంతా నా వెనక నడిచి ఆఫీసుకొచ్చింది కదా ఆ ప్రశ్న పట్టుకుని. జవాబు నా ఇంట్లోనే, నేను పడుకునే చోటే ఉంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నానికి వచ్చి ఎక్కడో వాల్వు కట్టేశారు. ముందు గదిలో మంచం మీదున్న అత్తయ్య, మనం అరిస్తే గానీ వినిపించని అత్తయ్య, చప్పున తలెత్తి, "ఎవరే అది, మాట ఆపేసింది?" అంది.

అప్పుడు ఏడిచాను.

ఇప్పుడు క్షవరం షాపు మేడ మీద ఉంటున్నాం. ఇంటికి ఏమీ కాదన్నారు, ముందు గది నిలబడుతుందిట. గొయ్యి పూడ్చి, గొట్టం మార్చడానికి నెలలు పడుతుంది. యంత్రం వరండాలో గోనెసంచులు కప్పుకుని కూర్చుంది.

నిన్ను తప్పు పట్టాలో, నీ కాళ్ళు కడగాలో తెలియడం లేదు. ముందు భోజనం మానెయ్యకుండా ఉండు.

అక్క


క్వార్టర్స్ నుంచి,
శనివారం

అక్కా,

నీ ఉత్తరంలో మంచం ఉన్న చోటు అన్న దగ్గర ఆగిపోయాను. చాలాసేపు ఆ తర్వాతి మాటకి వెళ్ళలేకపోయాను.

ఇక్కడి రెండు చోట్లూ తవ్వారు. రెండూ లీకులే. ఒకచోట రోడ్డు కింద గుహలా ఉంది. లారీలు ఆపించిన మర్నాడే పైన తారు కుంగింది.

మేడం నన్ను ఊరి బయట ఖాళీ చేసిన నీళ్ళ ట్యాంకులోకి తీసుకెళ్ళింది. నిచ్చెన దిగి, పైమూత వేయించి, వినండి అంది. అక్కడ ఏమీ లేదు. మూలుగు లేదు, జోకొట్టడం లేదు. నా ఒంట్లో రక్తం పారే చప్పుడు తప్ప ఇంకేం లేదు. భయమేసింది. ఇదా అందరూ నిశ్శబ్దం అనేది? ఇన్నేళ్ళూ నాకు తెలియని ఈ వస్తువు గురించి నేను కుర్రాళ్ళకి పాఠాలు చెప్పాను. నేను ఏడ్చినంతసేపూ మేడం పక్కన కూర్చుంది.

ఆవిడ ఒక మాట చెప్పింది. నా చెవులు చెడ్డవి కావట. అన్ని రకాల లీకులూ వింటాను, సన్నగా బుస కొట్టేవి, టపటపలాడేవి, అన్నీ. ఆ ఒక్క మూలుగు తప్ప. పాత పెద్ద గొట్టం, కింద డొల్ల పడి మూలిగే మూలుగు తప్ప. అంటే అన్నిటికంటే ప్రమాదమైనదే నాకు వినపడదు.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది ఇదే, అక్కా. మన ఊరి గోడల మీద నా పచ్చ గుర్తులు ఎన్నున్నాయో నాకే తెలియదు. ఏవి నిజమో, వేటి వెనక మన వెనక గది ఉందో చెప్పలేను. అంతా రాసి పై ఆఫీసుకిచ్చాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తర్వాత సంగతి. యంత్రాన్ని మన ఊరికి పంపమన్నాను, దాని వెనక నేనూ వస్తానన్నాను. సంతకాలు కావాలట, వచ్చే నెల దాకా కదలదట. యంత్రం అద్దె ఎవరి పద్దులో రాయాలో తేలలేదు.

నువ్వు అర్జీ వెనక్కి తీసుకున్నావా?

తమ్ముడు


క్షవరం షాపు నుంచి,
మంగళవారం

తమ్ముడూ,

అర్జీ వెనక్కి తీసుకోలేదు. మార్చాను. బిల్లు తగ్గించమన్న మాట కొట్టేసి, ఈ డబ్బు ముందు గొట్టానికే పెట్టాలి, ఎక్కడ తవ్వుతున్నారో వార్డుకి చెప్పాలి అని రాశాం. నా బిల్లు కూడా కట్టాను, పళ్ళు నూరుకుంటూ. కౌంటర్లో ఆ అమ్మాయి లేచి నిలబడి తీసుకుంది. పాపం, ఆ పిల్ల కూడా వచ్చి గొయ్యి చూసి వెళ్ళింది.

అత్తయ్యకి ఇక్కడ నిద్ర పట్టడం లేదు. నాకూ పట్టడం లేదు. నువ్వు క్వార్టర్స్‌లో ఏదో తక్కువైందని రాశావే, అది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆ మూలుగు లేని చోట నా చెవులు దాని కోసమే వెతుక్కుంటున్నాయి. సంతలో తప్పిపోయిన పిల్ల కోసం తల్లి వెతికినట్టు వెతుక్కుంటున్నాయి. నువ్వు ట్యాంకులో నేర్చుకున్నది నేను ఈ మేడ మీద నేర్చుకున్నాను.

ఇవాళ పొద్దున బడికి వెళ్ళాను. మనం చదివిన బడే. పిల్లల చాపలూ, కర్టెన్లూ ఉతకడానికి తీసుకోవాలి. చిన్న పిల్లల పంతులమ్మ నన్ను లోపలికి రమ్మంది. ఈ ఎండలకి మిగతా గదుల్లో కూర్చోలేకపోతున్నారుట. అందుకని చిన్నవాళ్ళనందర్నీ చివరి గదిలోనే నేల మీద కూర్చోబెట్టిందిట. "చూడండి, ఎంత చల్లగా ఉందో" అని మురిసిపోతూ చెప్పింది.

గడప దగ్గరే ఆగాను. చెప్పులు విప్పి అడుగు పెట్టాను. అదే చల్లదనం. పిల్లలు నవ్వుతున్నా లెక్కచెయ్యక నేల మీద పడుకుని చెవి ఆనించాను.

తమ్ముడూ, ఒక్క క్షణం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మన ఇంటికి వచ్చేసినట్టు అనిపించింది. అక్కడే నిద్రపోవాలనిపించింది. ఆ తర్వాత లేచి, గొంతు పోయేలా అరిచాను.

పిల్లలందరూ బయట చెట్టు కింద ఉన్నారు. పంతులమ్మ వాళ్ళని మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతోంది. మీ బావ గది తలుపుకి అడ్డంగా బల్ల పెట్టుకుని కూర్చున్నారు, ఎవరినీ పోనివ్వరు. ఆఫీసు పెద్దాయన వచ్చాడు గానీ, రిపోర్టులో క్లియర్ అని ఉందే అంటున్నాడు. గోడ చూపిస్తున్నాడు. కిటికీ కింద, పిల్లలు చెప్పులు విడిచే చోట, నీ పచ్చ టిక్కు ఉంది.

ఈ ఉత్తరం అదే డ్రైవరు చేతికిస్తున్నాను. తిరుగు బస్సులో నీకు సీటు ఉంచుతానన్నాడు. యంత్రం కోసం, సంతకాల కోసం ఆగకు. నీకు వినపడనిది నాకు వినిపిస్తుంది. నువ్వు గొట్టం ఎక్కడుందో చూపించు, నేను చెవి పెడతాను.

ఎర్ర రంగు డబ్బా తీసుకురా.

అక్క